డ్రైవరు ముందు దిండు

వెలగని దీపం మంచిదా చెడ్డదా అన్న దగ్గరే నాలుగు రోజులుగా ఆ ఇంట్లో మాటలు ఆగిపోయి ఉన్నాయి. కారు తాళం తిప్పగానే స్టీరింగు వెనకాల చిన్న ఎర్రదీపం వెలిగి, కాసేపటికి దానంతటదే ఆరిపోవాలని కారుతో పాటు వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. వాళ్ళ కారులో అది వెలగనే లేదు. ఎర్రదీపం వెలిగితే ఏదో చెడినట్టు గాబట్టి, వెలగలేదంటే ఏదీ చెడనట్టేనని సలాం అంటాడు. వెలిగి ఆరితేనే అంతా బాగున్నట్టు, అసలే వెలగలేదంటే దీపాన్ని ఎవరో పీకేసినట్టు అని కూతురు కౌసర్ అంటుంది. ఆ పేజీ మూల మడిచి పెట్టుకుని తండ్రికి మూడుసార్లు చదివి వినిపించింది. మూడుసార్లూ ఆయన అన్నం తింటూనే విన్నాడు.

"పుస్తకం రాసినోడు మన కారు చూసినాడా?" అన్నాడు మూడోసారి.

భార్య రాబియా ఆయన ముందున్న ఖాళీ పళ్ళెం తీసుకుపోయింది. ఆయన ఇంకొంచెం పప్పు అడగబోతున్నాడని ఆమెకు తెలుసు.

సలాంకు హిందూపురంలో పరుపుల అంగడి ఉంది. తాత వింటితో దూది ఏకుతూ గుడిబండ, గోరంట్ల వైపు పల్లెలన్నీ తిరిగినవాడు. సలాం మిషను పెట్టాడు. దిండ్లకు గలీబులు కుట్టడం, వాటిలో దూది నింపడం పెళ్ళయినప్పటి నుంచీ రాబియా పని. వాళ్ళ పెద్దపిల్ల కౌసర్‌కు నిరుడు టీచరు ఉద్యోగం వచ్చింది. పెనుకొండ దాటి లోపలికి వెళ్ళాల్సిన ఊరు. రెండు బస్సులు మారాలి, ఆ రెండో బస్సు ఇష్టమయిన రోజు వస్తుంది, ఇష్టం లేని రోజు రాదు. రాని రోజున ఆ పిల్ల మూడు మైళ్ళు నడిచిపోయి హెడ్మాస్టరు చేత మాటలు పడేది. అందుకే వేసవి సెలవుల్లో కారు నడపడం నేర్చుకుంది.

దానికి అడ్డం పడింది సలాం అన్న తౌఫీక్. వెనక వాటాలో ఉంటాడు, ఇంటికి పెద్ద, ఆయన కాదన్న పని ఆ ఇంట్లో జరగదు. ఆడపిల్ల ఒంటరిగా హైవే మీద లారీల మధ్య కారు నడపడమేమిటని నెల రోజులు సాధించాడు. సలాం ఎప్పుడూ అన్నకు ఎదురు చెప్పనివాడు, ఆ ఒక్క విషయంలో మాత్రం నిలబడ్డాడు. నిలబడటానికి ఆయనకు దొరికిన ఆసరా ఒకటే. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే చంద్రమోహన్, కూతురి పెళ్ళికి సలాం దగ్గరే పరుపులు చేయించినవాడు, తన పాత కారు అమ్ముతూ దాంట్లో డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగ్ ఉందని చెప్పాడు. కారు దేనికన్నా గట్టిగా గుద్దుకుంటే స్టీరింగులోంచి రెప్పపాటులో ఒక దిండు బయటికి వచ్చి డ్రైవరు తలను పట్టుకుంటుందట. ముప్ఫై ఏళ్ళుగా దిండ్లు చేస్తున్న మనిషి ఆ మాటకు పడిపోయాడు. బజారులో కనపడిన వాళ్ళందరికీ చెప్పాడు. అన్నతోనూ చెప్పాడు.

"బస్సులో దిండు ఉండాదా అన్నా?" అని అడిగాడు. తౌఫీక్ అలా ఒప్పుకున్నాడు. కౌసర్ కారు నడపడమనేది ఆ దిండు మీదే నిలబడి ఉంది.

బడి తెరవడానికి ఇంక పది రోజులున్నాయి.

నాలుగో రోజు సాయంత్రం రాబియా వాళ్ళ వాదన వినలేక చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళి కారు తలుపు తీసి కూర్చుంది. హారన్ మీటలు స్టీరింగుకు రెండు పక్కలా ఉన్నాయి. మధ్యలో గుండ్రటి మూత. దాని రంగు మిగతా స్టీరింగు కంటే ఒక వన్నె ముదురుగా ఉంది. దాని మీద అరచెయ్యి ఆనించి నొక్కింది. గలీబు మీద చెయ్యి వేసి లోపల దూది కొత్తదా పాతదా, ఏ మూల తగ్గిందో చెప్పగల చెయ్యి అది. మూత లొత్త పడినట్టు లోపలికి పోయి, టక్కుమని పైకి వచ్చింది.

లోపలికి వచ్చి, అది ఉత్త గలీబేనని, లోపల ఏమీ లేదని చెప్పింది. అది గాలి దిండని, గాలి ఖాళీగా కాక ఇంకెట్లా ఉంటుందని సలాం అన్నాడు. ఆమెకు తల పట్టుకోవాలనిపించింది. అయినా తెల్లారి మెకానిక్కుకు చూపిస్తానని ఒప్పుకున్నాడు, అదే చాలనుకుంది.

మర్నాడు కారు తీసుకుని పొద్దున పోయిన మనిషి పొద్దుగూకే వేళకు వచ్చాడు. లోపల ఒక నట్టు వదులయిందని, దిండు పక్కకు జరిగిందని, సరి చేయించానని చెప్పాడు. అడగకుండానే రెండుసార్లు చెప్పాడు. మెకానిక్కు ఎవరంటే, కొత్తగా వచ్చాడు, నీకు తెల్దు అన్నాడు.

రాబియా వెళ్ళి మళ్ళీ చెయ్యి పెట్టి నొక్కింది. ఈసారి నిండుగా ఉంది. నొక్కితే మెత్తగా తగ్గింది, వదిలితే తొందర లేకుండా పైకి లేచింది. ఆమె చెయ్యి తీయకుండా అలాగే కాసేపు కూర్చుంది. తర్వాత అంగట్లోకి వెళ్ళి చూసింది. ఆ నెలలో బూరుగుదూది దిండ్లు ఎవరూ అడగలేదు. బూరుగుదూది మూట మూతి మాత్రం విప్పి ఉంది.

కౌసర్‌ను పిలిచింది. ఆ పిల్ల స్క్రూడ్రైవరు సందులో పెట్టి మూత లేపితే నాలుగు కొక్కేలు ఊడి మూత చేతికొచ్చింది. లోపల చిన్న గుండ్రటి దిండు, నీలం చారల గుడ్డది. అంచులు లోపలికి మడిచి దగ్గర దగ్గరగా వేసిన కుట్టు. పరుపుల అంచుకు సలాం వేసే కుట్టు అది. దాని వెనకాల రెండు వైర్లు నల్ల టేపు చుట్టి వదిలేసి ఉన్నాయి.

రాబియా దాన్ని తెచ్చి ఆయన టీ గ్లాసు పక్కన పెట్టింది.

"ఏమయ్యా, ఇది ఏ మెకానిక్కు కుట్టినాడు?"

సలాం దిండు వైపు చూశాడు. కూతురి వైపు చూడలేదు.

"లోపల ఏమీ లేదు," అన్నాడు. "నువ్వు చెప్పిందే నిజం. అన్నకు తెలిస్తే తాళం తీసి ఆయన జోబిలో ఏసుకుంటాడు. పాపకు మళ్ళా బస్సే."

"అందుకని దూది కూరినావా?"

"తగిలినా మెత్తగా ఉంటాది గదా అని."

కౌసర్ నవ్వబోయి నవ్వలేకపోయింది. రాబియాకు కోపం కూడా రాలేదు, కోపానికి వేరే బలం కావాలి. ఈ మనిషి అబద్ధం ఆడినా సరిగా ఆడడు, పిల్ల మంచికే ఆడతాడు, దాన్ని కూడా దగ్గర కుట్టు వేసి ఆడతాడు.

"నీ దిండు ఉండాదని నమ్మి పాప రేపు లారీల మధ్యలో పోయేది," అంది. "నువ్వు అన్నకు భయపడి, నా బిడ్డ తలకాయ కింద దూది పెట్టినావు."

ఆదివారం ధర్మవరం పోదామని మర్నాడు పొద్దున ఆయనే అన్నాడు.

చంద్రమోహన్‌కు బండి చూపించాలి గాబట్టి కారులోనే వెళ్ళారు. సలాం నడిపాడు, తల్లీకూతుళ్ళు వెనక కూర్చున్నారు. పక్కనించి లారీ పోయినప్పుడల్లా రాబియా చెయ్యి ముందు సీటును పట్టుకునేది. మెల్లగా పొమ్మంటే మెల్లగానే పోతున్నానంటాడు. ఇంకా మెల్లగా అంటే, ఇంతకంటే మెల్లగా పోతే వెనకోడు గుద్దుతాడంటాడు. వెనకోడు గుద్దితే దిండు వచ్చేదా రాదా అని కౌసర్ పుస్తకం తీసింది. ఇద్దరినీ నోరు మూసుకోమంది రాబియా.

ధర్మవరంలో వీధిలో ఉండగానే ఆ ఇంటి మగ్గాల చప్పుడు వినిపించింది. వాకిలి పక్క కిటికీ అరుగు మీద అగ్గిపెట్టెలు, బీడీకట్టలు వరసగా పెట్టి ఉన్నాయి. గడప దగ్గర చంద్రమోహన్ తల్లి రంగనాయకమ్మ కూర్చుని ఉంది.

"అగ్గిపెట్టె ఉంటే ఆ కిటికీలో పెట్టి రా సాయిబూ," అంది పలకరింపుగా.

తనకు బీడీ అలవాటు లేదని, తన అంగట్లో కూడా ఇదే పద్ధతని, దూది పక్కన అగ్గిపుల్ల గీసినవాణ్ణి తను గడప తొక్కనివ్వనని సలాం సంబరంగా చెప్పాడు. ఆమె కూడా సంబరపడింది. ఇద్దరూ ఎప్పుడో కాలిపోయిన అంగళ్ళ గురించి, మగ్గాల గురించి మాట్లాడుకున్నారు. పోట్లాడటానికి నలభై యాభై మైళ్ళు వచ్చిన రాబియా వాళ్ళ ముఖాలు చూస్తూ కాఫీ తాగింది.

చంద్రమోహన్ వచ్చి కూర్చుని, కారులో ఎయిర్‌బ్యాగ్ వచ్చిందని చెప్పానే గాని ఇప్పుడుందని చెప్పలేదన్నాడు. ఆయన అప్పుడు ఏ మాట వాడాడో సలాం గుర్తుచేసుకోవడం మొదలుపెట్టాడు. అది తెమిలే పని కాదని రాబియాకు అర్థమయింది.

"అన్నా, దాన్ని తీసింది ఎవురు?" అని అడిగింది.

"నేనే తీయించినా," అంది రంగనాయకమ్మ గడప దగ్గరి నుంచే.

చెప్పడానికి ఆమె ఏమీ సంకోచించలేదు. కొన్న కొత్తలో ఎవరో మెకానిక్కు ఆ సంచి వెనకాల మందు ఉంటుందని, అది అంటుకుంటేనే సంచి ఉబ్బుతుందని చెప్పాడట. ఆ కారులోనే కొడుకు నలభై, యాభై చీరలు పెట్టుకుని బెంగళూరు పోయేవాడు.

"పట్టు పక్కన మందుగుండు పెట్టుకొని పోతారా ఎవురైనా? ఆ పొద్దే పీకించి మామూలు మూత ఏయించినా. అది పీకినాక ఎర్రదీపం ఒకటి పగలూ రాత్రీ ఆరకుండా వెలిగేది. చూడలేక దాన్ని గూడా తీయించినా."

కౌసర్ తండ్రి వైపు చూసింది. సలాం మగ్గాల గది వైపు చూశాడు.

"అమ్మేటప్పుడు చెప్పమంటినే వీనికి," అంది రంగనాయకమ్మ. "చెప్పలేదా?"

"ఆయన అడగలేదమ్మా," అన్నాడు చంద్రమోహన్ కాఫీ గ్లాసులోకి చూస్తూ.

ఆమె కొడుకును చాలాసేపు చూసింది. తర్వాత మిద్దె మీదికి పోయి ఆ పీకించిన సంచి తెచ్చివ్వమంది. పారేస్తే ఎవరికో ముప్పని, మగ్గాలకు దూరంగా నీళ్ళ తొట్టి పక్కన రేకుడబ్బాలో పెట్టించిందట. మూడేళ్ళు అక్కడే ఉంది. చంద్రమోహన్ దాన్ని చేతులు చాపి ఒంటికి దూరంగా పట్టుకుని తెచ్చాడు. పైన బూడిదరంగు మూత, కింద ఇనుప గిన్నె లాంటిది, దాన్నుంచి వేలాడే వైరు ముక్క. సలాం ముఖం వెలిగింది. కొత్తది వెతకక్కర్లేదు, దీన్నే పెట్టించుకుంటే సరి అన్నాడు. డిక్కీలో పెడితే అదురుతుందని రాబియా ఒళ్ళో పెట్టాడు. మందు ఉంటుందన్నారు గదా అని ఆమె సందేహపడితే, ముసలామె భయం తప్ప ఏమీ లేదని, లోపల ఉండేది గాలి అని చెప్పాడు. ఆమె పెరుగు కుండ పట్టుకున్నట్టు దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

దారి పొడుగునా రంగనాయకమ్మను మెచ్చుకున్నాడు. ఆమె చేసింది తప్పు కాదని, తన అంగడి బండి అయితే తనూ అదే చేసి ఉండేవాడినని అన్నాడు. తప్పు ఆమెది కాదు, కొడుకుది కాదు, నీది అసలే కాదు, ఇంక మిగిలింది నేనొకదాన్నే అంది రాబియా. ఆయన అద్దంలో ఆమెను చూసి బండి ఇంకా మెల్లగా పోనిచ్చాడు.

పెనుకొండ దగ్గర హైవే పక్కన మసూద్ షెడ్డు ఉంది. బెంగళూరులో పెద్ద కార్ల వర్క్‌షాపులో ఏడేళ్ళు పనిచేసి వచ్చిన ఎలక్ట్రీషియన్ అని కౌసర్ బడిలో వాళ్ళు చెప్పారు. అతను ఏదో జీపు కింద నుంచి లేచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, వెనక తలుపు తీసి, రాబియా ఒళ్ళోది చూసి ఆగిపోయాడు.

"కదలొద్దక్కా," అన్నాడు. గొంతు పెంచలేదు. "యాడనుంచి తెస్తాండారు దీన్ని?"

"ధర్మవరం నుంచి," అన్నాడు సలాం.

"ఒళ్ళో పెట్టుకొనే వచ్చిందా అంత దూరం?"

అతను మెల్లగా దాన్ని తీసుకుని, మూత ఆకాశం వైపు ఉండేలా పట్టుకుని షెడ్డు వెనక ఖాళీ స్థలం దాకా నడిచిపోయి నేల మీద పెట్టాడు. అందరినీ ఇవతలే ఉండమన్నాడు. వచ్చాక చెప్పాడు. ముసలామె చెప్పింది నిజమే. ఇది మెత్తటి దిండు కాదు, లోపల మందు పేలితే దాని ఊపుకు గుడ్డ ఉబ్బి బయటికి తన్నుకు వస్తుంది. సరిగా బిగించి ఉంటే ప్రాణం కాపాడుతుంది. మూడేళ్ళు మిద్దె మీద రేకుడబ్బాలో ఎండకు కాగి, వాన చెమ్మకు నాని, వైరు కొసలకు పచ్చగా చిలుము పట్టింది. ఇప్పుడిది రావాల్సినప్పుడు రాకపోవచ్చు, రాకూడనప్పుడు రావచ్చు. ఒళ్ళో ఉండగా వచ్చి ఉంటే అని మొదలుపెట్టి, రాబియా ముఖం చూసి ఆ మాట పూర్తి చేయలేదు.

రాబియా తన చీర కుచ్చెళ్ళ మీద పడిన తుప్పు రజను చూసుకుంది. దులపాలని అనిపించలేదు.

దీన్ని ఎవరూ ముట్టుకోకుండా బెంగళూరులో తన పాత వర్క్‌షాపు వాళ్ళకే అప్పగిస్తానని, కొత్తది బెంగళూరు నుంచి రావాలని, మూడు వారాలన్నా పడుతుందని మసూద్ చెప్పాడు. స్టీరింగు లోపలి చుట్టవైరు, గుద్దుడును కనిపెట్టే పెట్టె అన్నీ చూడాలి, దీపం కూడా పెట్టాలి. దీపం వెలిగి ఆరేదాకా కారు ఇవ్వనన్నాడు. తర్వాత బ్యాటరీ వైరు విప్పి, కాసేపు ఆగి, స్టీరింగు మూత ఊడదీశాడు. తౌఫీక్ కంట పడకుండా ఇంటి దగ్గర కౌసర్ మళ్ళీ లోపలే పెట్టేసిన నీలం చారల దిండు బయటపడింది. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"స్పాంజి కూరినోళ్ళను చూసినా, పేపర్లు కూరినోళ్ళను చూసినా," అన్నాడు. "ఇంత బాగా కుట్టినోళ్ళను మాత్రం ఇదే చూడ్డం."

సలాం నోటి చివర నవ్వు రాబోయింది. రాబియా వైపు చూశాడు, నవ్వు రాలేదు. దిండు తీసుకుని చేతిలో పెట్టుకున్నాడు.

ధర్మవరానికి ఫోను చేస్తే చంద్రమోహన్ నీళ్ళు నమిలాడు. మధ్యలో రంగనాయకమ్మ ఫోను లాక్కుని, కొత్తది తెప్పించే పని తన కొడుకుదని, అది అయ్యేదాకా వాణ్ణి బెంగళూరు పోనివ్వనని చెప్పింది. కారు అక్కడే వదిలేసి ముగ్గురూ హిందూపురం బస్సు ఎక్కారు. సీటు దొరకలేదు. కౌసర్ కడ్డీ పట్టుకుని నిలబడి, పుస్తకంలో మడిచిన పేజీ మూలను బొటనవేలితో చదును చేస్తోంది. అది చూడటం రాబియాకు ఏడుపు కంటే కష్టంగా ఉంది. కారు మూడు వారాలు ఇంట్లో కనపడదు. తౌఫీక్ అడుగుతాడు. సలాం ఏదో ఒకటి చెబుతాడు, సర్వీసుకు ఇచ్చామనో, రంగు వేయిస్తున్నామనో. తను మళ్ళీ దాన్ని మోయాలి. బస్సు సోమందేపల్లి దాటేదాకా ఆయన ఏ అబద్ధం ఎంచుకుంటాడా అనే ఆలోచిస్తూ నిలబడింది. ఆయన మాత్రం ఆ చిన్న దిండును రెండు చేతుల మధ్య నొక్కుతూ, వదులుతూ, ఆమె కుచ్చెళ్ళ వైపే చూస్తున్నాడు. తుప్పు మరక చీర మీద అలాగే ఉంది.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. వాకిట్లో సలాం తల్లి మంచం మీద కాళ్ళు చాపుకుని ఉంది. తౌఫీక్ కుర్చీలో, వదిన ఇష్రత్ టీ గ్లాసులతో, అందరూ అక్కడే ఉన్నారు. కారు చప్పుడు కాకుండా మనుషులు నడిచి రావడం చూసి తౌఫీక్ వీధి వైపు తొంగిచూశాడు.

"కారు యాడరా?"

రాబియా చెప్పులు విడుస్తూ ఆగింది. తల్లి సలాం చేతిలోని దిండు చూసి, మడమ ఒత్తుకుంటోందని చెప్పి అడిగి తీసుకుంది. కాలి కింద పెట్టుకుని, బాగుందిరా ఇది, ఇంత చిన్నది ఎవరికి చేసినావు అంది.

"కారుకు చేసినా అమ్మా," అన్నాడు సలాం. గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. "అన్నా, కారులో దిండు లేదు. ముందునించీ లేదు. నేను దూది కూరి ఉండాదని చెప్పినా."

తౌఫీక్ గ్లాసు కింద పెట్టాడు. చెప్పాల్సింది చాలా ఉన్నట్టు ఊపిరి తీసుకున్నాడు. అయితే ఇంక ఆ పిల్ల కారు మాట మరిచిపోవాల్సిందేనని, తను ముందే చెప్పానని మొదలుపెట్టాడు. సలాం ఆయన్ను చెప్పనిచ్చాడు. మధ్యలో అడ్డం రాలేదు, తల దించుకోలేదు కూడా. అన్న మాటలు అయిపోయి టీ మళ్ళీ అందుకునేదాకా ఆగాడు.

"కొత్తది వస్తాది," అన్నాడు. ఎప్పుడూ బజారు వినేలా మాట్లాడే మనిషి గొంతు తల్లి మంచం దాకా కూడా సరిగా పోలేదు, ఆమె ముందుకు వంగింది. "మూడు వారాలు. అంతవరకు కారును ఎవురూ నడపరు, నేను గూడా. పాపను పొద్దున్నే నేనే బస్సులో తీసుకపోయి, ఆ రెండో బస్సు రాకుంటే బడిదాకా తోడు నడిచి పోతా. దీపం వెలిగి ఆరినాక తాళం కౌసర్‌కు ఇస్తా. మళ్ళా ఆ తాళం ఎవురూ అడగొద్దు అన్నా."